రెడ్ హెడెడ్ స్ట్రేంజర్: ఒక విషాదగాథ పుట్టుపూర్వోత్తరాలు

'రెడ్ హెడెడ్ స్ట్రేంజర్' అమెరికా గాయకుడు, గేయకర్త విల్లీ నెల్సన్ 1975 మే నెలలో వెలువరించిన కంట్రీ సంగీత ఆల్బమ్. తనను విడిచి వెళ్లిన భార్యను, ఆమె ప్రియుణ్ణి కాల్చి చంపి, గుర్రమెక్కి దేశాలు పట్టి తిరిగిన ఒక మతబోధకుడి కథ ఇది. ఇంత ఘోరాన్ని గొంతు పెంచకుండా, అతి తక్కువ వాయిద్యాలతో చెప్పడంలోనే దీని ఆకర్షణ ఉంది.

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాట నెల్సన్ రాసింది కాదు. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌కు చెందిన పత్రికా విమర్శకురాలు ఈడిత్ లిండెమన్, రేడియో వ్యాఖ్యాత కార్ల్ స్టట్జ్ 1950ల తొలినాళ్లలో దాన్ని కట్టారు. ఆ దశకంలో టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో రేడియోలో పనిచేసిన నెల్సన్, పిల్లల కార్యక్రమంలో దాన్ని వినిపించేవారు. ఇంట్లో తన పిల్లలకు జోలగా కూడా అదే పాడేవారు.

1933లో టెక్సస్‌లోని ఆబట్‌లో పుట్టిన నెల్సన్, కంట్రీ సంగీతానికి రాజధాని అయిన నాష్‌విల్‌లో మొదట రచయితగానే నిలదొక్కుకున్నారు. ఆయన రాసిన 'క్రేజీ'ని 1961లో పాట్సీ క్లైన్ పాడి చిరస్మరణీయం చేశారు. గాయకుడిగా మాత్రం ఆయనకు కలిసిరాలేదు. మాటను తాళానికి కాస్త ముందో వెనకో వేస్తూ, సంభాషణలా పాడడం ఆయన పద్ధతి. వయొలిన్ల హోరు, వెనక బృందగానం నిండిన అప్పటి నాష్‌విల్ రికార్డుల్లో ఆ సున్నితత్వం వినపడకుండా పోయింది. 1970ల ఆరంభంలో ఆయన ఆస్టిన్‌కు మకాం మార్చారు. తర్వాత కొలంబియా సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు పాటల ఎంపిక, రికార్డింగ్ పూర్తిగా తన చేతిలో ఉండేలా హామీ పొందారు.

కొలరాడో నుంచి కారులో ఇంటికి వస్తున్నప్పుడు, కొత్త ఆల్బమ్‌కు ఆ పాత జోలపాటను తీసుకోమని భార్య కోనీ సూచించారు. ఆ పాటకు ముందు ఏం జరిగిందో, తర్వాత ఏమవుతుందో నెల్సన్ ఊహించి కథ అల్లారు. తాను రాసిన 'టైమ్ ఆఫ్ ద ప్రీచర్'ను మళ్లీమళ్లీ వచ్చే పల్లవిగా పెట్టి, మధ్యలో ఇతరుల పాత పాటలు చేర్చారు. వాటిలో ముఖ్యమైనది ఫ్రెడ్ రోజ్ రాసిన 'బ్లూ ఐస్ క్రయింగ్ ఇన్ ద రెయిన్'. 1940లలో రాయ్ ఎకఫ్ పాడినప్పుడు అది దూరమైన ప్రేయసిని తలచుకునే మామూలు విరహగీతం. ఈ ఆల్బమ్‌లో హత్యల వెంటనే వస్తుంది కాబట్టి, చంపిన మనిషే చనిపోయినామె కోసం కుమిలిపోతున్నట్లు వినిపిస్తుంది. సందర్భం మారడంతో పాట అర్థం బరువెక్కింది. నేరస్థుణ్ణి క్షమించాలో అసహ్యించుకోవాలో తేల్చుకునే పని శ్రోతకే మిగిలింది.

1975 జనవరిలో టెక్సస్‌లోని గార్లండ్‌లో, ఆటమ్ సౌండ్ స్టూడియోలో కొద్ది రోజుల్లోనే, సుమారు 4,000 డాలర్ల ఖర్చుతో రికార్డింగ్ ముగిసింది. నైలాన్ తీగల గిటార్‌ను నెల్సన్ స్వయంగా వాయించారు. అక్క బాబీ నెల్సన్ పియానో, మికీ రాఫెల్ మౌత్ ఆర్గాన్, పాల్ ఇంగ్లిష్ డ్రమ్స్ అందుకున్నారు. చాలాచోట్ల గిటార్, గొంతు మాత్రమే ఉంటాయి. పదానికీ పదానికీ మధ్య ఉన్న నిశ్శబ్దం బోధకుడి ఒంటరితనాన్ని పట్టిస్తుంది. కొలంబియా అధికారులకు ఇది పూర్తికాని నమూనా రికార్డులా తోచింది. అయినా ఒప్పందం ప్రకారం యథాతథంగా విడుదల చేయక తప్పలేదు.

'బ్లూ ఐస్' పాట కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. గాయకుడిగా నెల్సన్‌కు అదే తొలి అగ్రస్థానం, ఆ పాటకే గ్రామీ పురస్కారమూ దక్కింది. ఆల్బమ్ కూడా కంట్రీ పట్టికలో ప్రథమ స్థానం పొంది, అమెరికాలో 20 లక్షల ప్రతుల అమ్మకాన్ని సూచించే డబుల్ ప్లాటినం గుర్తింపు సాధించింది. 1986లో ఇదే కథతో, నెల్సన్ ప్రధాన పాత్రలో సినిమా వచ్చింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2009 సంవత్సరపు జాతీయ రికార్డింగుల జాబితాలో ఈ ఆల్బమ్‌కు చోటిచ్చింది. హంగులు లేని గొంతుకూ విస్తారమైన శ్రోతలుంటారని నిరూపించి, కంట్రీ కళాకారులు తమ రికార్డులపై తామే అధికారం కోరడానికి ఇది బలమిచ్చింది.