కొల్లేటికోట జాతర: ఆ పులుసులో చేప ఎక్కడిది?

ఏలూరు వైపు వచ్చామంటే చేపల పులుసు తిని "కొల్లేరు చేప" అని స్టేటస్ పెట్టేస్తాం. ఆ చేప కొల్లేట్లో ఈదిందా? చాలాసార్లు కాదు. చెరువులో పెంచిన బొచ్చె, శీలావతి అయ్యుంటుంది. ఇలా ఎప్పుడు మారిందో ఈరోజు చూద్దాం.

కొల్లేటి మధ్యలో కొల్లేటికోట అనే లంక ఊరుంది. అక్కడి అమ్మవారు పెద్దింట్లమ్మ. ఏటా ఫాల్గుణంలో, నీళ్లు తగ్గే రోజుల్లో జాతర. ఒకప్పుడు జనం దోనెలెక్కి వచ్చేవాళ్లు. వలలేసి, వెదురు మావులు పెట్టి బతికే వడ్డి కులస్థుల ఇలవేల్పు ఆవిడ.

ఇక్కడో కథ చెప్తారు. గజపతి రాజు కోట ఈ లంక మీదే ఉండేదట. చుట్టూ నీళ్లే కాపలా. శత్రువు చిగురుకోటలో దిగి, కోట మీదకి రాలేక, సరస్సు నీళ్లు సముద్రంలోకి పోయేలా ఉప్పుటేరు వైపు కాలువ తవ్వించాడట. గెలుపు కోసం ఒక సేనాపతి సొంత కూతుర్నే బలిచ్చాడట. ఇది చరిత్ర కాదు, జనం కథ. కానీ నీళ్లు పోతే కోట పోతుందని వాళ్లకి తెలుసు.

ఇప్పుడు అసలు చరిత్ర. నేను కోడ్ రాసే రోజుల్లో బఫర్ అనేవాళ్లం. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు అలాంటిదే. బుడమేరు, తమ్మిలేరు వరదని ఆపుకుని, ఉప్పుటేరు గుండా మెల్లగా సముద్రానికి వదులుతుంది. 1976లో మత్స్యకార సొసైటీల కోసం ప్రభుత్వమే ఇక్కడ చేపల చెరువులు తవ్వించింది. లాభం కనపడగానే డబ్బున్నోళ్లు లీజులకి దిగారు. గట్టు మీద గట్టు లేచింది, నీటి దారులు మూసుకుపోయాయి. కొరమీను, మట్టగిడస తిరిగే చోటు తగ్గింది.

1999లో ఐదో కాంటూరు వరకు, 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2005-06లో "ఆపరేషన్ కొల్లేరు" పేరుతో గట్లు పేల్చేశారు. పెద్దోళ్ల చెరువులతో పాటు సొసైటీల చెరువులూ పోయాయి. లీజు పెట్టినోడు వేరే వ్యాపారం చూసుకుంటాడు. లంకలో పుట్టినోడికి ఆ నీళ్లు తప్ప ఏముంది?

అందుకే "కొల్లేరుని కాపాడాలి" అనేటప్పుడు పక్షులతో పాటు వలేసే మనిషినీ లెక్కలోకి తీసుకోవాలని నా అభిప్రాయం. ఈసారి జాతరకెళ్తే పులుసు తినే ముందు ఒక్కమాట అడగండి: "ఈ చేప కొల్లేటిదా, చెరువుదా?" జవాబు కామెంట్లో రాయండి. ఉంటాను మరి!