సెరొటోనిన్ అసలేం చేస్తుంది? డిప్రెషన్ మాత్ర మొదటి వారంలోనే ఎందుకు పనిచేయదు?

డిప్రెషన్‌కి డాక్టర్ రాసిన మాత్రలు పది రోజులు వాడి, ‘ఏం తేడా లేదు’ అని పక్కన పడేసేవాళ్లు ఉంటారు. తిరువూరు నుంచి విజయవాడ దాకా వెళ్లి, స్పెషలిస్టుకి చూపించుకుని, నెలకి సరిపడా మాత్రలు తెచ్చుకున్నాక కూడా మధ్యలో ఆపేస్తే ఆ ఖర్చు, తిరుగుడు అంతా వృథానే. ఇంతకీ ఆ పది రోజుల్లో మెదడులో ఏం జరుగుతుంది?

సోషల్ మీడియాలో సెరొటోనిన్ అంటే ‘హ్యాపీ హార్మోన్’. వినడానికి బాగుంది కానీ, విషయం అంత సింపుల్ కాదు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు దీన్ని రక్తం నుంచి వేరు చేశారు.. అదీ రక్తనాళాలను బిగించే పదార్థంగా! మెదడులోనూ ఉందని 1953లో తేలింది. ఒంట్లోని సెరొటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అది మెదడులోకి వెళ్లలేదు. మెదడు తనకి కావాల్సింది తానే తయారు చేసుకుంటుంది.

ఆ పని మెదడు కాండంలో ఉండే రాఫే న్యూరాన్లది. సంఖ్యలో కొన్నే అయినా వాటి తీగలు మెదడంతా పాకి ఉంటాయి. అక్కడ విడుదలైన సెరొటోనిన్ ఒక న్యూరాన్‌ని శాంతపరుస్తుంది, ఇంకోదాన్ని రెచ్చగొడుతుంది. తేడా అంతా దాన్ని అందుకునే రిసెప్టర్‌లో ఉంది. ఇవి కనీసం 14 రకాలు. 1ఏ రకం ఉంటే న్యూరాన్‌లోంచి పొటాషియం బయటికి పోయి సిగ్నళ్లు తగ్గుతాయి. 2ఏ ఉంటే సాధారణంగా సిగ్నళ్లు పెరుగుతాయి.

అసలు మెలిక ఇక్కడే. రాఫే న్యూరాన్ల మీదే 1ఏ రిసెప్టర్లు ఉంటాయి, బ్రేకుల్లాగా. ఎక్కువగా రాసే ఎస్ఎస్ఆర్ఐ మాత్రలు, విడుదలైన సెరొటోనిన్‌ని న్యూరాన్ వెనక్కి లాక్కోకుండా ఆపుతాయి. గంటల్లోనే సెరొటోనిన్ పెరుగుతుంది. వెంటనే బ్రేక్ పడి రాఫే న్యూరాన్లు నెమ్మదిస్తాయి. ఆ బ్రేక్ సడలడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మాత్ర ఆలస్యానికి సైంటిస్టులు చెప్పే ప్రధాన కారణాల్లో ఇదొకటి.

ఈ 1ఏ రిసెప్టర్ మీద హైదరాబాద్ సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ టీమ్ ఏళ్ల తరబడి పనిచేసింది. కణపొరలో కొలెస్ట్రాల్ తగ్గితే దీని పనితీరు దెబ్బతింటుందని ల్యాబ్‌లో పెంచిన కణాల్లో గుర్తించింది. అలాగని కొలెస్ట్రాల్ మాత్రలు మానేయక్కర్లేదు, అవి ల్యాబ్ ఫలితాలు.

డిప్రెషన్ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే తల తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం ఉండొచ్చు. మానాలన్నా, డోసు తగ్గించాలన్నా డాక్టర్‌నే అడగాలి. మొదటి వారాల్లో, ముఖ్యంగా పాతికేళ్లలోపు వాళ్లకి, చనిపోవాలన్న ఆలోచనలు వస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగొద్దు. టెలీ మానస్ నంబర్ 14416కి 24 గంటల్లో ఎప్పుడైనా ఉచితంగా కాల్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.