బుట్ట పోయింది, లైసెన్సు రాలేదు

మా బచ్‌పన్‌లో త్రిపురారం గల్లీలో పాములాయన నాగసరం ఊదితే అమ్మీ గిన్నెడు బియ్యం పోసేది. ఆ రోజీ అప్పటికే జుర్మ్ అని మాకు ఖబర్ లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆ బుట్టల్ని కానూన్‌కు బయటికి నెట్టింది. 2022 సవరణ నాగుపామును మొదటి షెడ్యూల్‌కి ఎక్కించింది. కోరలు పీకే జుల్మ్ ఆగడం సహీయే, కాదనను.

కానీ పట్నం షౌకీన్ సాబ్ ఆఫ్రికా బాల్ పైథాన్‌ని, 2024 రూల్స్ కింద పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకుని, ఇంట్లో పెంచుకోవచ్చు. తమిళనాడు ఇరులలైతే 1978లో సహకార సంఘం పెట్టుకున్నారు. సర్కారీ ఇజాజత్‌తో పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. పాముకాటు మందు ఆ విషంతోనే తయారవుతుంది.

మా పాములాయన హునర్‌ని ఎవరూ అడగలేదు. ఆయన కొడుకు మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తాలు మోస్తున్నాడు.