ఇల్లరికం వచ్చిన అమెరికా కార్లు

కాంటెస్సా కారు చాలామందికి గుర్తుండే ఉంటుంది. 1984 నుంచి 2002 దాకా హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన ఆ బండికి మూలం 1970ల నాటి ఇంగ్లండు కారు వాక్స్‌హాల్ వీఎక్స్. అది అచ్చమైన ఇంగ్లీషు కారేనని చాలాకాలం నమ్మినవాళ్లలో నేనూ ఒకణ్ణి. తీరా తరచి చూస్తే, 1925లోనే వాక్స్‌హాల్ కంపెనీని అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ కొనేసింది! ఐరోపా రోడ్ల మీద అమెరికా కార్లు ఎందుకు కనబడవని ఎవరైనా అడిగితే నాకు కాంటెస్సాయే గుర్తొస్తుంది. కనబడుతూనే ఉన్నాయి. గుర్తుపట్టనిది మనమే.

గుర్తుపట్టలేనంతగా అవి మారడానికి ఒక పన్ను లెక్క కొంత కారణం. ఫోర్డు కంపెనీ 1911లోనే మాంచెస్టరు దగ్గర ట్రాఫర్డ్ పార్కులో మోడల్ టీ కార్లను బిగించడం మొదలుపెట్టింది. బ్రిటన్‌లో అవి విరివిగా అమ్ముడుపోయాయి. 1921 నుంచి అక్కడి ప్రభుత్వం కార్లమీద 'హార్స్‌పవర్' పన్ను వేసింది. సిలిండరు వ్యాసాన్ని అంగుళాల్లో కొలిచి, వర్గం కట్టి, సిలిండర్ల సంఖ్యతో హెచ్చవేసి, 2.5తో భాగించాలి. వచ్చిన ఒక్కొక్క హార్స్‌పవరుకీ ఏటా ఒక పౌను చొప్పున చెల్లించాలి. మోడల్ టీకి ఈ లెక్కన 22.5 వచ్చేది, అంటే 23 పౌన్లు. 1922లో వచ్చిన బుల్లి ఆస్టిన్ సెవెన్‌కు ఎనిమిది పౌన్లతో సరి.

ఈ సూత్రంలో పిస్టను ప్రయాణించే దూరం ప్రసక్తే లేదు. అందుచేత ఇంగ్లండు ఇంజనీర్లు సన్నగా, పొడుగ్గా ఉండే సిలిండర్లకు మొగ్గారు. పెట్రోలు చవకగా దొరికే దేశంలో పుట్టిన వెడల్పాటి అమెరికా ఇంజనుకు మాత్రం ఏటేటా దండుగే. గుమాస్తా కలం ఇంజను ఆకారాన్ని శాసించిందన్నమాట!

ఫోర్డు పాఠం నేర్చుకుంది. 1931లో థేమ్స్ ఒడ్డున డాగెన్‌హామ్‌లో కర్మాగారం తెరిచి, మరుసటి యేడు మోడల్ వై అనే ఎనిమిది హార్స్‌పవర్ల చిన్న కారును తెచ్చింది. దాని రూపకల్పన జరిగింది అమెరికాలో, ఉద్దేశించింది ఐరోపాకు. జనరల్ మోటార్స్‌ది వేరే దారి. బ్రిటన్‌లో వాక్స్‌హాల్‌నూ, 1929లో జర్మనీలో ఓపెల్‌నూ కొని, పేర్లు మార్చకుండా ఉంచేసింది. ఇల్లరికం వచ్చిన అల్లుడు అత్తవారి ఇంటిపేరు కూడా పెట్టేసుకున్నట్టు!

ఇంతవరకూ చదివితే ఇదొక నేర్పరితనపు కథలా కనిపిస్తుంది. నాకూ అలాగే కనిపించింది, కొలోన్ సంగతి చదివేదాకా. 1930లో ఆ నగరంలో ఫోర్డు కర్మాగారానికి శంకుస్థాపన జరిగినప్పుడు హెన్రీ ఫోర్డు, నగర మేయరు కొన్రాడ్ అడెనావర్ పక్కపక్కనే నిలబడ్డారు. మూడేళ్లకు నాజీలు అడెనావర్‌ను పదవినుంచి తొలగించారు. ఫోర్డుకు మాత్రం 1938లో, ఆయన 75వ పుట్టినరోజున, హిట్లరు ప్రభుత్వం పతకం బహూకరించింది. యుద్ధకాలంలో ఓపెల్, ఫోర్డు కర్మాగారాల లారీలు జర్మనీ సైన్యాన్ని మోశాయి. కొలోన్ ఫోర్డు కర్మాగారంలో ఆక్రమిత దేశాలనుంచి పట్టుకొచ్చిన మనుషులచేత బలవంతంగా వెట్టిచాకిరీ చేయించారు. స్థానికంగా కలిసిపోవడం అనే సుగుణం ఏ ఎండకా గొడుగు పట్టడంగా మారడానికి ఎంతో కాలం పట్టలేదు.

అదే ఫోర్డుకు చెందిన డాగెన్‌హామ్‌లో 1968లో మరొక కథ జరిగింది. సీట్ల తొడుగులు కుట్టే 187 మంది స్త్రీల పనిని నైపుణ్యం అక్కర్లేని పనుల కోవలో వేశారు. వారు సమ్మె కట్టారు. కుట్టుమిషన్లు ఆగితే సీట్లు లేవు, సీట్లు లేకపోతే కార్లు లేవు. చివరికి మంత్రి బార్బరా కాజిల్ కలుగజేసుకోవలసి వచ్చింది. వేతనం పురుషుల రేటులో 92 శాతానికి పెరిగింది. 1970లో వచ్చిన సమాన వేతన చట్టానికి ఈ సమ్మె ఊపిరి పోసింది. వాళ్ల నైపుణ్యానికి తగిన శ్రేణి దక్కింది మాత్రం 1984లో, ఇంకొక సమ్మె తర్వాతే.

ఆపైన కాపురాలు చెదిరాయి. కొరియాలో డేవూగా పుట్టిన కార్లకు షెవర్లే పేరు తగిలించి ఐరోపాలో అమ్మిన జనరల్ మోటార్స్, ఆ పేరును అక్కడినుంచి ఉపసంహరిస్తున్నట్టు 2013లో ప్రకటించింది. పేరు మాత్రమే అమెరికాది అయిన కారు నిలవలేదు. పేరు తప్ప యాజమాన్యమంతా అమెరికాది అయిన ఓపెల్ 88 ఏళ్లు నిలిచింది. 2017లో దాన్నీ, వాక్స్‌హాల్‌నూ ఫ్రాన్సుకు చెందిన పీఎస్‌ఏకు అమ్మేశారు. ఫోర్డు ఫియెస్టా తయారీ 2023 జులైలో కొలోన్‌లో ఆగింది. మరుసటి యేడు అక్కడే మొదలైన విద్యుత్ కారుకు ఎక్స్‌ప్లోరర్ అని అమెరికా పేరే పెట్టారు. దాని అడుగుభాగం మాత్రం ఫోక్స్‌వాగన్‌ది.

కారు ముందు మెరిసే గుర్తు చూసి దాని దేశాన్ని చెప్పడం నేను మానేశాను. దాన్ని ఎవరు చేశారు, ఏ కూలికి చేశారు, ఏ ప్రభుత్వం కింద చేశారు అనేవే నా దృష్టిలో అసలు చిరునామా. ఆ లెక్కన, అమెరికా గుర్తుతో వచ్చిన డాగెన్‌హామ్ ఫోర్డులు ఆ కుట్టుపని స్త్రీల కార్లు. కొలోన్‌లో తయారైన లారీలకు కూడా వాటి చిరునామా ఉంది. మొదటిదాన్ని సగర్వంగా చెప్పుకునేవాళ్లు రెండోదాన్ని దాచకూడదు.