హిడింబాప్రణయము - ఏకచక్రపురము

డిచ్‌పల్లికిఁ బడమట నున్న బోధనే భారతోక్తమైన యేకచక్రపురమనియు, భీముఁడు బకాసురునిఁ జంపిన చోటదియే యనియు స్థానికులలోఁ బ్రసిద్ధి. పాండవు లచటి కేఁగక మున్నె హిడింబాప్రణయము జరిగినది. అదియుఁ జేర్చి చదివినఁగాని బకవధార్థము పూర్ణము గాదు.

దేనినుండి తన్నుఁ గాపాడుకొనవలయునో యది రక్షస్సని వ్యుత్పత్తి. దానిపైఁ బ్రజ్ఞాదిసూత్రముచే స్వార్థమున నణ్ప్రత్యయము వచ్చి రాక్షసశబ్ద మేర్పడును. హిడింబ యీ వ్యుత్పత్తినే తలక్రిందులు చేసినది. అన్నయగు హిడింబుఁడు పంపఁగాఁ జంపవచ్చి, నిద్రించు తల్లికిని సోదరులకును గావలియున్న భీముని వలచి, ముప్పు నెఱిఁగించినది. ఆమె కొడుకు ఘటోత్కచుఁడు పదునాలుగవనాఁటి రాత్రియుద్ధమునఁ గర్ణుని శక్తికి బలియై యర్జునునిఁ గాచెను.

ఐరోపాలో 1819లోఁ బోలిడోరియు, 1897లో బ్రామ్ స్టోకరును వ్రాసిన కథలలో రక్తము త్రాగు ప్రేతమునకు స్త్రీ యాహారమే. 11వ శతాబ్దిలో నన్నయ తెనిఁగించిన యాదిపర్వమున నాహారమునకై వచ్చినదే భార్యయై రక్షకురాలగుచున్నది.

కావున బకుని చావు చెప్పునపుడు హిడింబ వలపునుం జెప్పవలయును. లేనిచో రాక్షసజాతి యంతయు వధ్యమేయని బాలురు తలంతురు. భారతాభిప్రాయ మది గాదు.