ముంపు ప్రాంతాలలో నివాస వాడలు: మురుగు నీటి దారికే ప్రథమ స్థానం

చుండూరు (ప్రత్యేక వ్యాసం): కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలలో పల్లపు పొలాలను మెరక చేసి ఇళ్ల స్థలాలుగా మార్చుతున్న నేపథ్యంలో, నివాస వాడల రూపకల్పనలో పాటించవలసిన అంశాలను పాత్రికేయులు, అధికారుల సమాచారార్థం ఇక్కడ పొందుపరచడమైనది.

ముంపు మూడు విధాలు

మొదటిది నది. ప్రకాశం బ్యారేజీ వద్ద 2009 అక్టోబరులో 11 లక్షలకు పైగా, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. ఆ రెండు పర్యాయాలూ దిగువ లంక గ్రామాలు జలమయమయ్యాయి.

రెండవది సముద్రం. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలాది మంది మరణించారు. ఆ తరువాతనే తీరంలో తుపాను రక్షిత భవనాల నిర్మాణం విస్తృతమైంది.

మూడవది వాన నీరు. కరకట్ట నదిని ఆపగలదే గాని, లోపల కురిసిన నీటిని బయటకు పంపజాలదు. ఆ నీరు చుండూరు ప్రాంతంలోని తుంగభద్ర డ్రెయిన్ వంటి మురుగు కాలువల ద్వారానే పోవాలి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు కాలువల ముఖద్వారాల వద్ద ప్రవాహం మందగించి, నీరు ఎగువన నిలిచిపోతుంది. డెల్టా మురుగు పారుదలపై 1960వ దశకంలో మిత్రా కమిటీ అధ్యయనం జరిపింది. 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం వచ్చింది.

విజయవాడ అనుభవం

2024లో బుడమేరు గట్టుకు మూడు చోట్ల గండ్లు పడగా, సింగ్‌నగర్ పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. ఏటి నీరు విస్తరించే పల్లంలో వాడలు వెలిస్తే నష్టం ఎంతటిదో ఈ ఘటన తెలియజేసింది.

గమనించవలసిన అంశాలు

1. లేఅవుట్‌లో రోడ్ల కంటే ముందు మురుగు కాలువ మట్టాన్ని, నీరు పారే దిశను గుర్తించాలి.

2. కాలువ అంచున ఖాళీ స్థలం విడువాలి. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు 10 మీటర్లకు మించి వెడల్పు గల కాలువలకు 9 మీటర్లు, అంతకు లోపు వాటికి 2 మీటర్లు నిర్దేశించాయి.

3. ఒక లేఅవుట్‌ను మెరక చేసినచో ఆ నీరు పక్కనున్న పాత వాడలోకి మళ్లుతుంది. కనుక రెండింటికీ కలిపి మురుగు దారి చూపాలి.

4. పాత రోడ్డును తొలగించకుండా దానిపైనే కొత్త రోడ్డు వేసినచో ఇళ్లు పల్లమైపోతాయి.

5. ఇంటి పునాది ఎత్తును ఆ ప్రాంతంలో గతంలో వచ్చిన గరిష్ఠ ముంపు మట్టాన్ని బట్టి నిర్ణయించాలి.

6. వర్షాకాలానికి ముందే కాలువలలో పూడిక, గుర్రపుడెక్క, తూటికాడ తొలగించాలి.

ఇంటి పట్టా పొందే పేద కుటుంబానికి స్థలం ఎన్ని గజాలన్నది ఎంత ముఖ్యమో, అక్కడ కురిసిన వాన ఏ కాలువకు చేరుతుందన్నదీ అంతే ముఖ్యం. పట్టాల పంపిణీకి ముందే ఈ రెండవ ప్రశ్నకు సమాధానం లభించాలి.