అచ్చమాంబ ముందు నా సాకులు

చాలాకాలం నా దగ్గరొక కథ ఉండేది. "మీరెందుకు ఎక్కువ రాయలేదు?" అని ఎవరడిగినా అదే చెప్పేదాన్ని. డిగ్రీ అవగానే పెళ్ళి, ఇద్దరు పిల్లలు, మంచాన పడ్డ అత్తగారి సేవలో గడిచిన ఏళ్ళు, సగంలో ఆగిన పరిశోధన. అందులో ఒక్క అబద్ధం లేదు. వినేవాళ్ళు అయ్యో అనేవాళ్ళు. ఇంటికొచ్చాక మాత్రం కాగితం ఖాళీగానే ఉండేది.

ఆ రోజుల్లోనే ఒక సెమినార్ కోసం భండారు అచ్చమాంబ గురించి రాయాల్సొచ్చింది.

అచ్చమాంబ 1874లో కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలులో పుట్టింది. ఆరేళ్ళకే తండ్రి పోయాడు. పదేళ్ళకు పెళ్ళయింది. బడికి వెళ్ళింది లేదు. తమ్ముడు కొమర్రాజు వెంకట లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన కూచుని తెలుగు, హిందీ నేర్చుకుంది. తర్వాత మరాఠీ, గుజరాతీ, బెంగాలీ కూడా పట్టుబట్టి నేర్చుకుంది. కొడుకూ, కూతురూ చిన్నతనంలోనే చనిపోయారు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపనకు పూనుకుంది. 1905 జనవరిలో, ముప్పై ఏళ్ళకే కన్నుమూసింది.

ఈ వివరాలు రాసుకుంటున్నప్పుడు నా మనసులో మెదిలిన మాట చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. "ఆమెకు చదువు చెప్పే తమ్ముడున్నాడు. పెంచాల్సిన పిల్లలు లేరు. అందుకే రాయగలిగింది" అనుకున్నాను. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లి దుఃఖాన్ని నేను ఆమెకు దొరికిన తీరికగా లెక్కగట్టాను! నా కథను కాపాడుకోవడానికి మరో స్త్రీ బాధను చిన్నది చెయ్యడానికి కూడా వెనకాడలేదన్నమాట. నా కష్టమే పెద్దదనే పట్టుదల నన్ను ఎక్కడికి తెచ్చిందో ఆ రోజే అర్థమయింది.

అప్పుడు ఆమె పుస్తకాన్ని మళ్ళీ తెరిచాను. పేరులోనే 'అబల' ఉంది. ఆడవాళ్ళు బలంలేనివాళ్ళు, తెలివిలేనివాళ్ళు, చదువుకుంటే చెడిపోతారు అనే మాటలు ఆమె చుట్టూ వినపడుతున్నవే. ఆ మాటలకు ఆమె కన్నీళ్ళతో కాదు, చరిత్రతో జవాబు చెప్పాలనుకుంది. సుమారు వెయ్యేళ్ళ కాలంలోని స్త్రీల జీవితాలు సేకరించి, ఇదిగో సాక్ష్యం అంది. మనపై పడ్డ మాటను మనమే పరీక్షకు పెట్టొచ్చని నాకు నేర్పింది ఆ పని.

1902లో వచ్చిన 'స్త్రీవిద్య' కథ నన్ను మరీ ఇబ్బంది పెట్టింది. అది భార్యాభర్తల సంభాషణ. చదువుకోమని భర్త, ఎందుకని భార్య. అభ్యంతరాలన్నీ ఆమె నోటే వస్తాయి. నచ్చజెప్పేది మగవాడు కావడం మీద మనం పేచీ పెట్టుకోవచ్చు. 'సచ్చరిత్ర' అంటూ మంచి స్త్రీకి కొలతలు పెట్టడం మీదా పెట్టుకోవచ్చు. కానీ అణిచివేత బయటి నుంచే కాక మన గొంతుతో కూడా మాట్లాడుతుందని నూరేళ్ళ కిందటే గుర్తించిన రచయిత్రి ఆమె. ఆ భార్య సాకుల్లో నా సాకులు వినిపించాయి.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "నీ బతుక్కి నువ్వే బాధ్యురాలివి" అనే మాటను ఆడవాళ్ళ మీద ఎన్నిసార్లు విసిరారో మనకు తెలుసు. దెబ్బలు తిన్న మనిషితో సర్దుకుపోలేకపోయావు అనడానికి వాడిన మాట అది. నేను దాన్ని ఒప్పుకోను. నా చదువు ఆగిపోవడానికి కారణం నేను కాదు. తెలుగు కథ 1910లో 'దిద్దుబాటు'తోనే మొదలైందని చాలాకాలం చెప్పుకోవడంలో అచ్చమాంబ తప్పూ లేదు. అది సాహిత్య చరిత్ర చేసిన అన్యాయం. జరిగిన అన్యాయానికి బాధ్యులు వేరే ఉన్నారు, వాళ్ళను అడుగుతూనే ఉండాలి. తమ్ముడి పక్కన కూచునే అవకాశం కూడా దొరకని లక్షలమంది తరఫునా అడగాలి.

కానీ పిల్లలు పెద్దవాళ్ళయి, అత్తగారు పోయి, మధ్యాహ్నాలు నా చేతికొచ్చాక కూడా నేను రాయలేదు. ఆ ఏళ్ళకు మాత్రం నేనే జవాబు చెప్పుకోవాలి. ఎవరో లాక్కున్న కాలానికీ, నేను వదిలేసుకున్న కాలానికీ మధ్య గీత గీయడం నాకు ఎంతో కష్టమయింది. గీశాక కొంత బరువు తగ్గింది.

ఆ సెమినార్ వ్యాసం అనుకున్న రోజుకు పూర్తి కాలేదు. రెండు నెలలు ఆలస్యంగా పూర్తయింది. చాలా ఏళ్ళ తర్వాత నేను ముగించిన మొదటి రచన అది. మొన్నొక సభలో ఎవరో మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. పాత కథ నాలుక చివరిదాకా వచ్చింది. "ఇప్పుడు రాస్తున్నాను" అని మాత్రం అన్నాను.